స్నానాల జట్టు

విదేశాలకు వెళ్లి అక్కడి సేవా సంఘాలను చూసి రావడమంటే మాటలా అని చాలామంది పెద్దక్కను ఊరించి ఒక బృందంతో పంపారు. తీరా వచ్చాక ఆవిడకు తెలిసింది ఒకటే. ఎక్కడికి వెళ్లినా ముందు పూలగుత్తి, తర్వాత గోడ మీద బొమ్మలు, ఆ తర్వాత టీ, ఆఖర్న ఫొటో. ఫొటో అయిందంటే బస్సు కదిలినట్టే. పెళ్లికి వెళ్లి పెళ్లికూతుర్ని చూడకుండా భోంచేసి వచ్చినట్టుంది వ్యవహారం.

ఆవిడ షికారుకు రాలేదు. సొంత ఊళ్లో మంచం పట్టిన ముసలివాళ్ల ఇళ్లకు వెళ్లి స్నానాలు చేయించే జట్టు ఒకటి నడుపుతోంది. మొదలుపెట్టినప్పుడు వీధి వీధంతా కొంగు బిగించి వచ్చింది. రాను రాను ఒకరికి నడుంనొప్పి, ఒకరికి మనవడి పరీక్షలు, ఇంకొకరికి ఏమీ లేదు, ఫోన్ ఎత్తరంతే. చివరికి మిగిలింది పెద్దక్కా, ఆవిడ తోటికోడలూ. బయల్దేరే రోజున తోటికోడలు సూట్‌కేసు జిప్పు లాగుతూ మొహం మీదే చెప్పేసింది.

"నువ్వొచ్చేదాకా ఎలాగోలా లాక్కొస్తానక్కా. ఆ తర్వాత నన్నడక్కు. ఇద్దరం కలిసి ఊరందరి వీపులూ తోమలేం."

అందులో అబద్ధం లేదు కాబట్టే పెద్దక్కకు ఒళ్లు మండింది. జట్టు మూతబడితే ఆ ముసలివాళ్లకు మళ్లీ తడిగుడ్డ తుడుపులే గతి, మళ్లీ వీపున పుళ్లు. వచ్చినవాళ్లు మానెయ్యకుండా ఉండాలంటే ఏం చెయ్యాలి? ఈ ఒక్క ప్రశ్న పట్టుకునే ఆవిడ విమానం ఎక్కింది. జవాబు లేకుండా తిరిగి రానని ఒట్టు పెట్టుకుంది.

ఆ వేళ బస్సు ఒక బేకరీ ముందు ఆగింది. బేకరీ నడిపే ఆవిడే అక్కడి స్నానాల జట్టుకు పెద్ద. వెనక గదిలో ఒక పక్క పిండి బస్తాలు, ఇంకో పక్క మడతపెట్టిన తువ్వాళ్లు, పడుకున్న మనిషికి తల రుద్దడానికి గాలి ఊది వాడే రబ్బరు తొట్లు. ఒక తొట్టికి సైకిల్ ట్యూబు ముక్క అతికించి ఉంది. అచ్చం అలాంటి అతుకుతోనే పెద్దక్క తన తొట్టిని నెట్టుకొస్తోంది. ఆ అతుకు చూడగానే ఆవిడకు ప్రాణం లేచొచ్చింది.

దుబాసీగా వచ్చినావిడ ఆ దేశంలో ఎప్పుడో స్థిరపడిన తెలుగు టీచరమ్మ. పెద్దక్క ఆవిడ మోచెయ్యి పట్టుకుంది.

"వీళ్ల మనుషులు ఎందుకు మానెయ్యరో అడగండమ్మా."

బేకరీ ఆవిడ చేతులు దులుపుకుంటూ ఏదో చెప్పింది. "ప్రేమతో చేస్తారట" అంది టీచరమ్మ.

"ప్రేమ మా దగ్గరా ఉంది. నెల తిరక్కుండానే అది నడుంనొప్పిగా మారిపోతోంది. ఇంకాస్త గట్టిగా అడగండి."

అంతలో బృందాన్ని నడిపే ఆయన చప్పట్లు కొట్టాడు. "ఇంకా రెండు చోట్లకు వెళ్లాలి అక్కగారూ, బస్సెక్కండి."

"మీరు వెళ్లి రండి. సాయంత్రం వచ్చి నన్నెక్కించుకోండి."

"గ్రూప్ ఫొటోలో మీరు లేకపోతే ఎలాగండీ?"

"పొట్టిదాన్ని. ఉన్నా కనబడను."

బస్సు వెళ్లిపోయింది. టీచరమ్మ నిట్టూర్చి తనూ ఒక కుర్చీ లాక్కుంది. సరిగ్గా అప్పుడే ఫోన్ మోగింది. బేకరీ ఆవిడ పిండి చేత్తోనే దాన్ని చెవికి ఆనించి, పెద్దక్క వైపు చూస్తూ ఏదో చెప్పి, బడిపిల్లలా బుద్ధిగా తలూపింది.

"ఫోన్‌లో ఉన్నది ఒకప్పుడు చొక్కాలు కుట్టిన ఆవిడట" అంది టీచరమ్మ. "పక్షవాతంతో మంచంలో ఉంది. ఒక చెయ్యి మాత్రం ఆడుతుంది. ఎవరు ఎవరింటికి వెళ్లాలో ఆవిడే నిర్ణయించి, అందరికీ ఫోన్లు చేస్తుందట. తనకూ వీళ్లే స్నానం చేయిస్తారు. కొత్తగా వచ్చినావిడకు చేతులున్నాయిగా, పై వీధిలో ముసలాయన దగ్గరికి పంపమంటోంది."

పెద్దక్కకు ప్రయాణం బడలిక ఇంకా తీరలేదు. మోకాళ్లు సలుపుతున్నాయి. కుదరదని చెబుదామని నోరు తెరిచింది. మంచంలో పడుకుని, ఆడే ఆ ఒక్క చేత్తోనే నంబర్లు నొక్కే మనిషితో మోకాళ్లనొప్పులని ఏ మొహంతో చెబుతుంది?

"వెళ్తానని చెప్పండి" అంది.

ముసలాయనకు తల రుద్ది, వీపు తోమి, దుప్పటి మార్చి వస్తుంటే దారిలో బేకరీ ఆవిడ అడిగింది. "మీ ఊళ్లో ఈ ఫోన్లు ఎవరు చేస్తారు?"

"నేనే."

"మరి మంచంలో ఉన్నవాళ్లు?"

"వాళ్లకెందుకు శ్రమ? మీరు హాయిగా పడుకోండి, అన్నీ మేం చూసుకుంటామని చెబుతాం."

టీచరమ్మ ఆ మాటను అవతలి భాషలోకి మార్చేలోపే అది పెద్దక్క చెవుల్లో గిర్రున తిరిగింది. వాళ్ల వీధి కండక్టర్ బాబాయి గుర్తొచ్చాడు. జీవితమంతా బస్సులో జనాన్ని అదిలించినవాడు. నడుం విరిగి మంచాన పడ్డ కొత్తలో, నాకూ ఏదైనా పని చెప్పమ్మా అని అడిగాడు. మీకెందుకు బాబాయ్ అని ఆవిడ నవ్వేసింది. అప్పట్నుంచీ స్నానం చేయిస్తున్నంతసేపూ ఆయన గోడవైపే చూసేవాడు.

పెద్దక్క బేకరీ అరుగు మీద కూర్చుని అక్కణ్నుంచే ఆయనకు ఫోన్ చేసింది.

"బాబాయ్, మీతో పనిపడింది. మన జట్టులో మానేసినవాళ్లందరికీ మీరు ఫోన్ చెయ్యాలి. ఎవరు ఎవరింటికి వెళ్లాలో ఇక మీరే చెప్పాలి."

"నేను లేవలేను కదమ్మా."

"నోరు లేస్తుందిగా."

ఆయన దగ్గాడు. గొంతు సవరించుకున్నాడు. "నంబర్లు పంపు" అన్నాడు.

మర్నాడు పెద్దక్క బస్సులో ఉండగా తోటికోడలు ఫోన్ చేసింది.

"అక్కా, ఆయనకి మా నంబర్లిచ్చిందెవరు? తెల్లారకుండానే అందర్నీ లేపి, ఎక్కేవాళ్లు ఎక్కండి, బండి కదుల్తోందని ఒకటే కేకలు."

"నడుంనొప్పావిడ వచ్చిందా?"

"మందు రాసుకుని మరీ వచ్చింది. ఆయన మాట తీసెయ్యలేకపోయిందట."

"నువ్వు మానేస్తానన్నావుగా."

"ఎక్కడ మాననిచ్చాడు? రేపటిక్కూడా డ్యూటీ వేసేశాడు." తోటికోడలు నవ్వింది. ఆ వెంటనే అన్న మాటలో మాత్రం వేళాకోళం లేదు. "అందరిళ్లూ అయ్యాకే తన దగ్గరికి రమ్మన్నాడక్కా. మీ వంతు ముందు కానిద్దాం బాబాయ్ అంటే వినలేదు. అందరూ దిగాకే కండక్టర్ దిగాలట."