బందిపోటు ఆడవాళ్ళు

నేను పండుగప్ప చేప మీదెక్కి బందరు నుంచి నాగాయలంక దాకా వెళ్ళొచ్చానంటే మా పాలెంలో సగంమంది నమ్మారు. ఇప్పుడు చెప్పేది ఒక్కరూ నమ్మరు, ఎందుకంటే ఇది నిజం. కూలిపనికెళ్ళే బాబులూ, కాలేజీ పిల్లలూ, దగ్గరికి జరగండి.

మా ఒడ్డున చేపల వేలంపాట మొదలవకముందే ఇంకో పని జరిగిపోతుంది. కమీషన్ ఏజెంటు పిచ్చేశ్వరరావు మనిషి రాము ప్రతి గంపలోనూ చెయ్యి పెట్టి కంటికి నచ్చిన చేప తీసుకుపోతాడు. వెనకాల ఆరుగురు కర్రలు పట్టుకుని నిలబడతారు. దానికి ఆనవాయితీ అని పేరు. ఆ పేరు పెట్టినవాడు చేప తినేవాడే, పట్టేవాడు కాదు.

ఆ పొద్దున గంగాదేవి గంపలో ఉన్న ఒక్కగానొక్క వంజరం మీద పడింది రాము చెయ్యి.

"అది ముట్టుకోకు. మా అత్త మందులు దానిమీదే రావాలి."

"అయితే ఈ పూటకి దగ్గు ఆపుకోమను మీ అత్తని."

చేప లాగాడు. గంగాదేవి తిరిగి లాక్కుంది. వాడు ఇసకలో వెల్లకిలా పడ్డాడు, మోచెయ్యి గీసుకుంది. ఒడ్డంతా నవ్వింది. నేను కాస్త ఎక్కువే నవ్వాను.

మధ్యాహ్నానికి గంగాదేవి స్టేషన్లో ఉంది. కొట్టి చేప లాక్కుందని దోపిడీ కేసు. పాలెం ఆడవాళ్ళంతా వెళ్ళారు. ఎస్సై కూర్చున్న చోటునుంచే అడిగాడు.

"ఎవరు లాగారు?"

అక్కడే మావాళ్ళు బోల్తా పడ్డారు. అలివి వల ఒడ్డుకి లాగేటప్పుడు తాడు మీద చెయ్యేసిన ప్రతివాళ్ళకీ వాటా ఉంటుంది మాకు. ఎవరు లాగారంటే 'నేనూ' అనటం పుట్టుకతో వచ్చిన అలవాటు.

"నేనూ లాగా" అంది ఎల్లమ్మ.

"నేనూ!" "నేనూనండీ!" అన్నారు మిగతావాళ్ళు.

ఎస్సై నవ్వాడు. "ఐదుగురు కలిస్తే అది మామూలు దోపిడీ కాదమ్మా, బందిపోటు. జీవితఖైదు దాకా పడుద్ది. ఆలోచించుకుని, ఆవిడొక్కతే అని చెప్పి ఇళ్ళకి పోండి."

బయట టీ బడ్డీ దగ్గర గొడవ.

"నా పెళ్ళాం బందిపోటా?" అని ఎగిరాడు దుర్గారావు. "చంకలో పసిపిల్లని పెట్టుకుని జైలుకెళ్తావా ఉమా? చెప్పెయ్, ఆవిడొక్కతే అని!"

ఉమాదేవి పిల్లని ఇంకో చంకకి మార్చుకుంది. బందరు కోర్టులో ప్లీడరు ఏంజెల్, మా పాలెం పిల్లే, మధ్యలోకొచ్చింది.

"వినండి బాబాయ్. ముందు దొంగతనమంటూ ఉండాలి. పరాయివాళ్ళ సొత్తు దురుద్దేశంతో తియ్యాలి. దానికోసం కొడితేనో, భయపెడితేనో దోపిడీ. ఐదుగురో అంతకన్నా ఎక్కువమందో కలిసి చేస్తే బందిపోటు. చేప ఎవరిది?"

"గంగాదేవిదే."

"మరి మొదటి మెట్టే లేదు. కాకపోతే అది కోర్టులో తేలాలి. ఈలోగా జైలు తప్పకపోవచ్చు. ఒక్కమాట, లాగనివాళ్ళు లాగామనొద్దు. అబద్ధం ఆడితే వాళ్ళకే బలం."

ఆ చివరిమాట నాకు రుచించలేదు గానీ, నోరుమూసుకున్నాను.

ఆడవాళ్ళు మళ్ళీ లోపలికెళ్ళారు. ఊచల వెనకనుంచి గంగాదేవి అరిచింది. "నేనొక్కదాన్నే లాగా! వెళ్ళిపొండే!"

"లాగింది నువ్వే. రోజూ పోతోంది మాత్రం మా అందరి చేపలూ" అని ఉమాదేవి ఎస్సై వైపు తిరిగింది. "మా కంప్లయింటు రాసుకోండి సార్. రాము మా గంపల్లోంచి చేపలు లాక్కుంటున్నాడు."

"అది ఆనవాయితీ కదమ్మా."

"కర్రలు చూపించి లాక్కుంటారండి. రాముతో కలిపి ఏడుగురు. ఐదుగురైతే ఏమంటారో ఇందాక మీరే చెప్పారు."

ఎస్సై పెన్నుకి మూత పెట్టేశాడు.

"రేపు రండి" అన్నాడు.

ఎవరూ కదల్లేదు. గంగాదేవిని వ్యానెక్కించి కోర్టుకి తీసుకెళ్ళారు, అట్నుంచటే జైలుకి. మావాళ్ళు మెట్ల మీదే కూర్చున్నారు. ఏం లాభం, ఒక్క అక్షరం రాయలేదు.

మర్నాడు పడవలొచ్చాయి. గంపలు దిగాయి. రాము వచ్చాడు, వెనక ఆరుగురు. ఉమాదేవి గంప మీదికి వంగాడు.

దుర్గారావు వచ్చి భార్య పక్కన నిలబడ్డాడు. పసిపిల్లని తన చంకకెత్తుకున్నాడు.

"తియ్యి రామూ. నిన్నటిలాగే భయపెట్టి తియ్యి. ఒడ్డంతా సాక్ష్యం చెబుద్ది."

ఒడ్డున ఈసారి ఎవరూ నవ్వలేదు. గంపలు వదిలి ఒక్కొక్కళ్ళే దగ్గరికి వచ్చి నిలబడ్డారు. రాము వెనక్కి తిరిగి చూశాడు. ఆరుగురూ వాడెవడో తెలియనట్టు సముద్రం కేసి చూస్తున్నారు. వాడి చెయ్యి గంప మీద గాల్లోనే ఉండిపోయింది.