రాజీ కల్లు

న్యాయ పంచాయతీ ఎన్నికలో దేవమ్మ పేరు వినబడగానే గుండ్లపల్లి ఊరంతా చేతులెత్తింది. ఎత్తని చెయ్యి ఒక్కటీ లేదు. అది చూసైనా ఆమెకు అనుమానం రావలసింది. ఆ ఊళ్ళో పదిమంది ఒక్కమాట మీద నిలబడ్డారంటే ఎవరి కొంపో మునగబోతోందని పసిపిల్లలకు కూడా తెలుసు. కానీ పొగడ్త చెవిన పడ్డాక ఎవరి తెలివి మాత్రం ఉన్నచోట ఉంటుంది?

ఇది అరవైల్లో మాట. పటాన్‌చెరు వైపు మెట్ట చెలకల్లోకి కార్ఖానాల వాళ్ళు గొలుసులు పట్టుకుని వచ్చి కొలతలు వేసుకుపోతున్న రోజులు. చిన్న తగవులకు సంగారెడ్డి కోర్టు చుట్టూ తిరగకుండా ఊళ్ళోనే తీర్పరులను ఎన్నుకొమ్మని సర్కారు చెప్పింది. ఎన్నిక జరిపించడానికి సమితి ఆఫీసు నుంచి సూర్యారావు అనే అధికారి వచ్చాడు. గోదావరి జిల్లా మనిషి, ఇస్త్రీ చొక్కా, మంచివాడు. మంచివాళ్ళ వల్ల ఊళ్ళకు జరిగే చేటు ఇంతా అంతా కాదు.

"తీర్పరుల్లో ఒక ఆడమనిషి కూడా ఉండాలండీ," అన్నాడు సూర్యారావు.

"ఉండాలె సార్. మా దేవమ్మ ఉన్నది గదా. నోరున్న మనిషి, భయం లేని మనిషి," అన్నాడు అంజయ్య పటేలు. అప్పటికే ఆయన పెద్ద తీర్పరిగా గెలిచి కూర్చున్నాడు. గుమాస్తాగా గెలిచినవాడు కిష్టప్ప. పటేలు తుమ్మితే చిరంజీవ అనడమే అతని బతుకుతెరువు. పటేలు నోట దేవమ్మ పేరు రావడమే ఆలస్యం, కిష్టప్ప చెయ్యి గాల్లోకి లేచింది. దాని వెంట మిగతావన్నీ లేచాయి.

దేవమ్మ నిలువునా వణికింది. సంతోషంతోనే. భర్త పోయినప్పటి నుంచి ఆమెను పలకరించిన వాళ్ళు తక్కువ. పిల్లలు లేరు. ఉన్నదల్లా బొంబాయి రోడ్డు పక్కన భర్త వాటాకు వచ్చిన చెలక. దాన్ని భర్త అన్న, ఆమెకు బావ అయిన పెద్దరాములు తన చెలకలో కలిపేసుకుని దున్నుతున్నాడు. పిల్లలు లేనిదానికి భూమెందుకని అతని వాదం. నా జొన్నలు నాకెందుకు కావని ఆమె వాదం. రాజీ పడమని పటేలు ఎన్నిసార్లు పిలిపించినా ఆమె పడలేదు. సంగారెడ్డి కోర్టు గడప తొక్కుతానంది. తగవున్న భూమిని కార్ఖానా వాళ్ళు ముట్టుకోరు, కొంటే ఆ వరసంతా కలిపే కొంటారు. పెద్దరాములు చెలకకు అవతల ఉన్నది పటేలు చెలక. మధ్యలో దేవమ్మ మొండితనం ఇద్దరికీ గొంతులో ముల్లు.

ఆ ఊళ్ళో రాజీకి ఒక పద్ధతి ఉంది. తగవు పడ్డ ఇద్దరూ పెద్దమనిషి ముందర ఒకే మోదుగాకు డొప్పలో కల్లు తాగాలి. సగం ఒకరు తాగితే, మిగిలిన సగం ఎంగిలి అనకుండా రెండోవాళ్ళు తాగాలి. అంతటితో తగవు చచ్చినట్టే. మళ్ళీ దాన్ని ఎత్తితే తాగింది కక్కారంటారు, ఊళ్ళో నిప్పూ నీళ్ళూ పుట్టవు. అందుకే మామూలు రోజుల్లో పక్కపక్కన కూర్చుని తాగే వాళ్ళు కూడా ఎవరి ఆకు వాళ్ళు పట్టుకుంటారు.

ఎన్నికైన సాయంత్రం పటేలు వాకిట్లో కల్లు కుండలు దిగాయి. సూర్యారావు కల్లు ముట్టడు కనుక మజ్జిగ తాగి జీపెక్కాడు. దేవమ్మ మెడలో బంతిపూల దండ వేశారు. బలిచ్చే మేకకూ దండ వేస్తారన్న సంగతి ఆమెకు తట్టలేదు. పెద్దరాములు స్వయంగా డొప్ప నింపి తెచ్చాడు.

"తాగు దేవమ్మా. ఇగ నువ్వు మా అందరికి తీర్పరివి."

"నా చెలక సంగతేంది బావా?" అందామె, డొప్ప అందుకోకుండానే.

"నీ చెలక యాడికి పోతది? రేపు పంచాయితిల కూసుండి మాట్లాడుకుందాం. ఇయ్యాల నువ్వు గెలిచిన దినం. ఇది గెలిచిన కల్లు."

ఆమె తాగింది. సగంలో ఆపి మూతి తుడుచుకుంటుండగా పెద్దరాములు ఆమె చేతిలోంచి డొప్ప తీసుకుని, మిగిలింది గటగటా తాగేసి కళ్ళకద్దుకున్నాడు.

"ఎంగిలి గాదు, తీర్పరి ప్రసాదం!" అన్నాడు. వాకిలంతా నవ్వింది.

దేవమ్మ చప్పున తల తిప్పి చూసింది. అరుగు మీద పటేలు కూర్చుని చూస్తున్నాడు. కానీ పెద్దంతరం ఉన్న బావ, ఆమె ఎదురుపడితే మొహం తిప్పుకునే బావ, నలుగురిలో ఆమె ఎంగిలి తాగి కళ్ళకద్దుకున్నాడాయె. అంతటి గౌరవాన్ని శంకించడానికి ఆమెకు మనసొప్పలేదు. పాపం, ఆ గౌరవం కోసం ఆమె ఎన్నేళ్ళుగా మొహం వాచి ఉందో!

మొదటి పంచాయతీ బడి ముందర పెట్టారు. తీర్పరులకు జంపఖానా పరిచారు. దేవమ్మ ఉతికిన చీర కట్టుకుని పటేలు పక్కన కూర్చుంది. ఎలా జరుగుతుందో చూద్దామని సూర్యారావు వచ్చి కుర్చీలో కూర్చున్నాడు.

కిష్టప్ప పిలిచిన మొదటి తగవు నర్సింహమ్మది. దేవమ్మతో కలిసి నాట్లకూ కలుపులకూ పోయే మనిషి, ఆమె లాగే మొగుడు పోయిన మనిషి. దేవమ్మ జ్వరంతో పడి ఉన్నప్పుడు గంజి కాచి పోసింది ఈ నర్సింహమ్మే. ఆమె పెరటి చింతచెట్టు కాయ పటేలు బామ్మర్ది దులుపుకుపోతున్నాడు. అడిగితే, రాజీ అయిపోయింది కదా అంటున్నాడు.

"కళ్ళంల దూపయి నాలుక ఎండి పానం పోతుంటె తన ఆకుల కల్లు ఇచ్చిండు అక్కా. సగం తాగి ఇచ్చిండు, తాగిన. రాజీ అని ఎవ్వలు చెప్పలే. పటేలు ఆడనే ఉన్నడని గూడ నేను సూడలే," అంది నర్సింహమ్మ. అందరినీ వదిలేసి దేవమ్మ వైపే చూస్తూ చెప్పింది.

పటేలు మీసం సవరించుకున్నాడు. "నువ్వే చెప్పు దేవమ్మా. ఆడిదాని గోస ఆడిదానికే ఎరుక." తరువాత గొంతు తగ్గించి, ఆమెకు మాత్రమే వినబడేలా అన్నాడు. "జల్దీ తెంపు. దీని ఎనక నీ చెలక సంగతే ఉన్నది. నువ్వు మా మాట నిలబెడితె మేము నీ మాట నిలబెడతం."

దేవమ్మకు తన డొప్ప గుర్తుకు రాకపోలేదు. కళ్ళకద్దుకున్న బావ మొహమూ గుర్తొచ్చింది. నాది గెలిచిన కల్లు, దీనిది వేరని తనకు తాను చెప్పుకుంది. నర్సింహమ్మ అబద్ధమాడటం లేదని ఆమెకు తెలుసు. నర్సింహమ్మకు అబద్ధం చేతకాదు. అయినా చెట్టు నర్సింహమ్మది, చెలక తనది. ఇలాంటి లెక్క వెయ్యడానికి మనిషికి రెప్పపాటు చాలు.

"ఒక్క ఆకుల తాగినంక ఇగ తగవు లేదు," అంది దేవమ్మ. "దూపకు తాగినా, పండుగకు తాగినా తాగుడు తాగుడే. తెల్వదంటె నడ్వది. తాగి కక్కుడు మన ఊరి రివాజు గాదు."

"అక్కా!" అంది నర్సింహమ్మ.

"అక్క లేదు, సెల్లె లేదు. ఈడ కూసున్నంక అందరు ఒక్కటే."

జనం చప్పట్లు కొట్టారు. "శభాష్ అమ్మా! ఆడవాళ్ళు పక్షపాతం చూపిస్తారంటారు గానీ, మీరు భలే చెప్పారండీ," అన్నాడు సూర్యారావు నిండు మనసుతో. తీర్పరులు చేతులెత్తారు. దేవమ్మ చెయ్యి అందరికంటే ముందు లేచింది. నర్సింహమ్మ ఏడవలేదు. పోయి జనంలో ఒక అంచున మట్టిలో చతికిలబడింది.

తరువాత కిష్టప్ప దేవమ్మ పేరే పిలిచాడు. ఎవరి తగవులో వాళ్ళు తీర్పరిగా కూర్చోకూడదని సూర్యారావు మర్యాదగా చెప్పాడు. ఆమె జంపఖానా దిగింది. ఎదురుగా నిలబడవలసిన చోటు నర్సింహమ్మ ఇందాక నిలబడ్డ చోటే, మట్టి మీద ఆ పాదాల గుర్తులు ఇంకా ఉన్నాయి.

దేవమ్మ తన భర్త వాటా గురించి చక్కగా చెప్పింది. హద్దు రాళ్ళు చెప్పింది, దున్నిన ఏళ్ళు చెప్పింది. పటేలు కళ్ళు మూసుకుని, విన్నట్టే తల ఊపాడు. అంతా అయ్యాక పెద్దరాములు లేచాడు. అతను హద్దుల జోలికే పోలేదు.

"రాజీ అయిపోయింది పటేలా. నీ వాకిట్ల, నీ ముంగట, ఒక్క డొప్పల తాగినం. ఊరంత సూసింది."

దేవమ్మ రెండడుగులు ముందుకొచ్చింది. "అది రాజీ కల్లు గాదు! గెలిచినందుకు తాగిన కల్లు! నువ్వే అంటివి గదా బావా? పటేలా, నువ్వు ఇనలేదా?"

"నేను ఇన్నదేంది దేవమ్మా, సూసిన. నీ ఆకుల నువ్వు సగం తాగితివి, ఆయన సగం తాగిండు. నేనే కాదు, గీళ్ళంత సూసిండ్రు."

"నాకు తెల్వక తాగిన! మోసం జేసి తాగించిండ్రు!"

పటేలు కళ్ళు తెరిచాడు. తొందర ఏమీ లేదు ఆయనకు. "తెల్వదంటె నడ్వది. ఎవరన్నరు ఈ మాట?"

జనమంతా దేవమ్మ వైపు తిరిగారు.

ఆమె సూర్యారావు కుర్చీ దగ్గరకు పరుగెత్తింది. "సారూ, మీరన్న చెప్పుండ్రి. జెర చెప్పుండ్రి సారూ. నా బతుకు అదొక్కటే."

సూర్యారావుకు జాలి వేసింది. నిజంగానే వేసింది. కానీ జాలి కంటే నియమం మీద అతనికి గురి ఎక్కువ. "అమ్మా, ఇందాక ఆవిడ కూడా మీలాగే చెప్పిందండీ. తాగుడు తాగుడే అని మీరే తీర్పిచ్చారు. ఆవిడకో న్యాయం, మీకో న్యాయం అంటే నేనేం చెప్పగలను?"

తాను తీసిన గోతిలో తానే పడటమంటే ఇదే. కాకపోతే గునపం చేతికిచ్చినవాళ్ళు, చోటు చూపించినవాళ్ళు, తవ్వుతుంటే చప్పట్లు కొట్టినవాళ్ళు ఒడ్డున క్షేమంగా నిలబడి ఉన్నారు. దేవమ్మకు అదంతా ఇప్పుడు తేటగా కనబడింది. దండ కనబడింది, ప్రసాదం కనబడింది, నర్సింహమ్మ తగవును ముందు ఎందుకు పిలిచారో కనబడింది. అన్నిటికంటే స్పష్టంగా తన నోరు తనకు కనబడింది. సిగ్గుతో ఆమె ఒళ్ళంతా మండిపోయింది.

"రాజీ అయిందన్నోళ్ళు చేతులెత్తుండ్రి," అన్నాడు పటేలు.

తీర్పరుల చేతులు లేచాయి. వాళ్ళను చూసి జనం చేతులూ లేచాయి. ఎన్నిక రోజున ఎలా లేచాయో అలాగే, ఒక్కటీ తగ్గకుండా. దేవమ్మ ఒక్కొక్క మొహమే చూసుకుంటూ పోయింది. మనసులో ఏ మూలో ఒక చిన్న ఆశ ఉండబట్టి ఆమె కళ్ళు అంచు దాకా పోయాయి. అక్కడ మట్టిలో కూర్చున్న నర్సింహమ్మ ఆమెనే చూస్తోంది.

నర్సింహమ్మ కూడా చెయ్యెత్తి ఉంది.

"సాలు, దించుండ్రి," అన్నాడు పటేలు. అందరూ దించారు. నర్సింహమ్మ దించలేదు.