బొటనవేలి నొక్కు

నేను ఒక కజ్జికాయల అచ్చును. ఇత్తడి అచ్చును. ఆ మాట ముందే గట్టిగా చెప్పుకోవాలి, ఎందుకంటే ఈ రోజుల్లో అచ్చు అనగానే అందరికీ సంతలో అమ్మే ఎర్ర ప్లాస్టిక్కువే గుర్తొస్తున్నాయి. వాటితో నాకో తగాదా ఉంది, ఆ సంగతి తర్వాత చెబుతాను. నాకు రెండు రెక్కలు, మధ్యలో ఒక బందు, రెక్కల అంచుల చుట్టూ పళ్ళు. విప్పి పరిస్తే గుండ్రంగా ఉంటాను, మూస్తే సగమవుతాను. చేతిలోకి తీసుకున్నవాళ్ళు ముందు అనే మాట, "అబ్బో, బరువే!" అని. ఇత్తడి కదా మరి, బరువుండదూ?

పుట్టింది గోదావరి జిల్లా అజ్జరంలో. నన్ను పోసిన కంచరి మంచి పనివాడే గానీ ఆ రోజు ఆయన మనసు పని మీద లేదు. బావమరిది పెళ్ళికి బస్సు దొరకదేమోనని ఇంట్లోంచి పెళ్ళాం ఒకటే కేకలు. ఆ కంగారులో కరిగిన ఇత్తడి నా ఎడమ మూలకు సరిగ్గా పారలేదు. చల్లారాక మట్టి దులిపి చూస్తే అంతా బాగానే ఉంది, ఆ మూల మాత్రం రెండు పళ్ళు లేవు. రెక్కలు మూస్తే అక్కడ చిన్న సందు. ఆయన నన్ను అటూ ఇటూ తిప్పి చూశాడు. మళ్ళీ కొలిమిలో వేద్దామా అనుకుంటూ ఉండగా రోడ్డు మీద బస్సు హారన్ మోగింది. అంతే, నన్ను అమ్మకం సామాన్ల బుట్టలోకి విసిరేసి పరిగెత్తాడు. ఆ బస్సు కాస్త ఆలస్యమై ఉంటే నేనీపాటికి ఎవరింట్లోనో చెంబునై నీళ్ళు మోస్తూ ఉండేదాన్ని.

నన్ను కొన్నది మంగతాయారు. తీర్థంలో, జాతర కొట్ల దగ్గర కొన్నది. అప్పటికి ఆమెకు పెళ్ళయి ఏడాది కాలేదు. పక్కన భర్త కనకారావు ఉన్నాడు. ఉన్నాడనే గానీ, అతని ముఖం అటు తిరిగి ఉంది. అతను కాలవ లాకుల దగ్గర లస్కరు. లాకు తలుపులు ఎత్తడం, దించడం, నీరు కారకుండా చూడడం అతని ఉద్యోగం. తీర్థంలో ఎవరో తెలిసిన రైతు కనపడితే కాలవకు నీళ్ళెప్పుడు వదులుతారో చెప్పే పనిలో పడ్డాడు.

తాయారు నన్ను విప్పింది, మూసింది, కంటికెదురుగా పట్టుకుని చూసింది. సందులోంచి వెలుతురు కనపడింది. కొట్టువాడు మంచివాడు, "అది పళ్ళు లేనిదమ్మా, వేరేది తీసుకో" అన్నాడు. ఆమె ఆ సందు మీద తన బొటనవేలు పెట్టి చూసుకుంది. కొలత తీసి చేయించినట్టు సరిపోయింది.

"పళ్ళు లేకపోతే ఏంటండీ, నాకు వేలుంది కదా" అని నవ్వి, భర్త వైపు తిరిగింది. "ఏవండీ, దీనికి ఇక్కడ సందుంది. నేను వేలితో నొక్కుకుంటాలెండి. తీసుకోనా?"

కనకారావు అటు తిరిగే "ఆ" అన్నాడు.

ఆ ఒక్క "ఆ"తో నేను వాళ్ళింటిదాన్నయ్యాను.

కాలవ గట్టు పక్కన ఇల్లు. పెరట్లో ఎర్ర జామచెట్టు. కాపు మొదలైతే కోతులు తిన్నన్ని, పిల్లలు రాళ్ళేసి కొట్టినన్ని, ఇంకా మిగిలేవి. తాయారు వాటితో కజ్జికాయలు చేస్తానంటే వీధంతా ముక్కు మీద వేలేసుకుంది. కొబ్బరి పెడతారు, నువ్వులు పెడతారు, జామపండేమిటమ్మా, విడ్డూరం కాకపోతే! తాయారు ఎవరితోనూ వాదించలేదు. చేసి తలా ఒకటి చేతిలో పెట్టింది. ఆ తర్వాత జామకాయలు దోరబడితే చాలు, పక్కింటి వరహాలమ్మ గోడ మీదుగా తొంగి చూసి, ఇంకా ఎన్నాళ్ళు పడుతుందని అడగడం మొదలుపెట్టింది.

నా పని చెప్పనా? పూరీలా ఒత్తిన పిండిని నా మీద పరుస్తారు. మధ్యలో పూర్ణం పెడతారు, అంచుకి నీళ్ళ తడి రాస్తారు, నన్ను మూసి నొక్కుతారు. పళ్ళ గుర్తులతో అంచు కరుచుకుపోతుంది. అది విడిపోయిందా, లోపలిదంతా నూనె పాలే. తాయారు నన్ను మూసిన ప్రతిసారీ చివర్లో ఎడమ మూల బొటనవేలితో ఒక్క నొక్కు నొక్కేది. అందుకని ఆమె చేసిన కజ్జికాయలన్నిటికీ ఒక పక్క చిన్న గుంట పడేది. కూతురు సత్యవేణి పళ్ళొచ్చిన దగ్గర్నుంచీ సరిగ్గా ఆ గుంట దగ్గరే కొరకడం మొదలుపెట్టేది. కనకారావు మాత్రం పేపర్లో తల దూర్చి, ప్లేటులో ఎన్నుంటే అన్నీ తినేసి, "బాగున్నాయే" అని చెయ్యి కడుక్కునేవాడు. తన లాకుల్లోంచి చుక్క నీరు కారదని ఊరందరి దగ్గరా గొప్పలు పోయేవాడు. తన వంటింట్లో కారకుండా ఎవరు కాపలా కాస్తున్నారో ఆ మహానుభావుడికి తెలియదు.

సత్యవేణికి పెళ్ళయింది, భీమవరం వెళ్ళింది. ఆ తర్వాత రెండేళ్ళకి తాయారు జ్వరంతో పోయింది. దాని గురించి ఎక్కువ చెప్పలేను. నన్ను పాత చీర ముక్కలో చుట్టి అటకెక్కించారు. ఆ చీర ఆమెదే. చీకట్లో అలా పడి ఉండి, ఒళ్ళంతా నల్లబడిపోయాను.

నన్ను మళ్ళీ కిందికి దించింది వేవిళ్ళు.

సత్యవేణికి మూడో నెల. అత్తగారిది పెద్ద కుటుంబం, పొయ్యి మీద ఎప్పుడూ ఏదో ఒకటి వేగుతూనే ఉంటుంది. నూనె పొగ తగిలితే చాలు, ఆ పిల్ల పెరట్లోకి పరుగు. నాలుగు రోజులు పుట్టింట్లో ఉండి వస్తానంది. తల్లి లేని ఇంట్లో ఎవరు చూస్తారని నలుగురూ అన్నారు. రిటైరైన కనకారావు ఛాతీ విరుచుకుని, "నేను లేనా?" అన్నాడు. అన్నాడు గానీ, ఇడ్లీ పెడితే వాంతి, చారన్నం పెడితే వాంతి, దానిమ్మ గింజలు కూడా నిలవలేదు. ఇలాగే ఉంటే ఆసుపత్రిలో పెట్టి సెలైన్ ఎక్కించాలని డాక్టరమ్మ చెప్పింది. ఆ సాయంత్రమే వియ్యపురాలు ఫోన్ చేసి, ఆదివారం వచ్చి అమ్మాయిని తీసుకెళతానని మర్యాదగా చెప్పింది. మంచావిడే, పాపం. కానీ కనకారావుకి సెలైన్ సూది మాట కన్నా ఆ ఫోనే ఎక్కువ గుచ్చుకుంది. తాయారు లేకపోతే తన ఇల్లు కూతురికి పుట్టిల్లే కాదా అని కుమిలిపోయాడు.

ఏదైనా తినాలనుందా అని కూతుర్ని అడిగాడు. ఆ పిల్ల చాలాసేపు మొహమాటపడి, "అమ్మ చేసే జామ కజ్జికాయ తినాలనుంది నాన్నా" అంది. అని తనే కళ్ళు తుడుచుకుంది.

వరహాలమ్మ ఆ మాట విని ఊరుకుంటుందా? వేవిళ్ళలో కోరింది పెట్టకపోతే పుట్టే బిడ్డకి చెవుల్లో చీము కారుతుందని తీర్మానించేసింది. మరి నూనె పొగ పడదు కదా, వేయించేదెలా? దానికీ ఆవిడే దారి చూపింది. తన పెళ్ళిలో ఎవరో చదివించిన కరెంటు ఓవెన్ వాళ్ళ వంటింటి మూల ఉంది. గుండ్రటిది, మూతకి అద్దం ఉంటుంది. ఇన్నేళ్ళుగా అందులో ఉల్లిపాయలు పోసుకుంటోంది. పొట్టు దులిపి తెచ్చి ఇచ్చింది.

కనకారావు నన్ను దించి, చింతపండు పెట్టి తోమాడు. ఆహా, ఆ సుఖం ఏమని చెప్పను! మళ్ళీ బంగారంలా మెరిసిపోయాను. మైదాలో వేడి నెయ్యి పోసి పిండి కలిపాడు. అంతవరకూ బాగానే ఉంది. జామపండు మాత్రం పచ్చిదే ముక్కలు కోసి పెట్టేశాడు. ఓవెన్లో అవి నీరొదిలి, ఉబ్బి, ఒక్కటీ మిగలకుండా పగిలాయి. మాడిన వాసనకి వరహాలమ్మ ముక్కు మూసుకుని వచ్చింది. పండు ఉడికించి, గింజలు పోయేలా గుడ్డలో వడకట్టి, బెల్లం వేసి దగ్గర పడేదాకా తిప్పాలని నేర్పింది.

రెండో వాయికి పూర్ణం ముద్దగా, ఎర్రగా, నోరూరేలా కుదిరింది. కానీ ఓవెన్ మూత తీసి చూస్తే కజ్జికాయలన్నీ ఒకే చోట, ఎడమ మూల, నోళ్ళు తెరుచుకుని ఉన్నాయి. నాకు తెలుసు ఎందుకో. వేలు పెట్టవయ్యా, వేలు! అని నాలో నేనే గింజుకున్నాను. ఇత్తడి గొంతు ఎవరికి వినపడుతుంది? "కాలవనే ఆపాను, ఈ పిసరంత జామరసం ఆగదేంటండీ" అని ఆయన వరహాలమ్మతో వాపోయాడు. బందు అరిగిపోయిందని నా మీద నేరం మోపి, నన్ను తీసుకెళ్ళి పెరట్లో తుప్పు పట్టిన కుళాయిలు, సైకిలు పెడళ్ళు ఉన్న తట్టలో పడేశాడు. పాత ఇనప సామాన్ల బండి వస్తే వేసెయ్యడానికి. నాలాంటివాళ్ళ కథలన్నీ చివర్లో చేరే చోటికి నేను మధ్యలోనే చేరిపోయాను.

సంతకి వెళ్ళి ఎర్ర ప్లాస్టిక్కుది కొనుక్కొచ్చాడు. దాని టకటక చప్పుడు తట్టలోంచి వింటూనే ఉన్నాను. ఉన్నమాట చెప్పుకోవాలి, అది చేసిన కజ్జికాయల్లో ఒక్కటి కూడా విడిపోలేదు. అన్నీ ఒక్కలా, పెళ్ళి ఫోటోలో నిలబడ్డవాళ్ళలా బిగుసుకుని ఉన్నాయి. కనకారావు ప్లేటు పట్టుకుని, పెరటి అరుగు మీద కూర్చున్న కూతురి దగ్గరికి వచ్చాడు. సత్యవేణి ఒకటి తీసుకుని అటూ ఇటూ తిప్పింది. నోటి దాకా తీసుకెళ్ళి దించేసింది.

"ఇక్కడ నొక్కుండాలి నాన్నా. అమ్మ చేసినవాటికి ఉండేది. చిన్నప్పట్నుంచీ నేను అక్కడే కొరికేదాన్ని."

"నొక్కేంటమ్మా?" అన్నాడాయన.

సత్యవేణి తండ్రి ముఖంలోకి చూసింది. కోపంగా కాదు. "నువ్వెప్పుడూ చూసి తినలేదు కదా నాన్నా" అంది.

కనకారావు ప్లేటు పక్కన పెట్టి పెరట్లోకి దిగాడు. తర్వాత తట్ట దగ్గర కూర్చుని నన్ను బయటికి తీశాడు. లాకు తలుపు కారుతుంటే అంచంతా చేత్తో తడిమి చూడడం ఆయనకి అలవాటు. నా అంచును కూడా అలాగే, కుడి నుంచి మొదలుపెట్టి, మెల్లగా తడుముతూ వచ్చాడు. ఎడమ మూల వేలు ఆగింది. రెక్కలు మూసి ఆకాశానికి ఎత్తి పట్టుకున్నాడు. సందులోంచి వెలుతురు ఆయన కళ్ళలో పడింది. ఆ సందు మీద బొటనవేలు పెట్టాడు. గట్టిగా నొక్కి చూశాడు.

"అన్నిటికీ నొక్కావా తాయారూ?" అన్నాడు. "ఒక్కసారైనా చెప్పలేదే."

చెప్పింది కనకారావూ. తీర్థంలో, నువ్వు అటు తిరిగి ఉన్నప్పుడే చెప్పింది. నువ్వు "ఆ" అన్నావు కూడాను.

ఆయన కండువాతో ముఖం తుడుచుకుని లేచాడు. ఇక చూడాలి ఆయన హడావిడి! మళ్ళీ పిండి, మళ్ళీ పూర్ణం. నన్ను మూయడం, ఎడమ మూల ఒక్క నొక్కు. మూయడం, నొక్కు. ప్రతిదాన్నీ కళ్ళద్దాలు పెట్టుకుని పరీక్షగా చూసి మరీ ట్రేలో పెట్టాడు. పైన పాలు రాశాడు. ఓవెన్ ముందు పీట వేసుకుని, మూత అద్దంలోకి వంగి కూర్చున్నాడు. గోడ అవతలి నుంచి వరహాలమ్మ ఏమైందని అడిగితే మాట్లాడొద్దని చెయ్యి ఊపాడు. కజ్జికాయలు తెల్లగా ఉన్నవి గోధుమరంగుకి తిరిగాయి, నెయ్యి వాసన ఇల్లంతా పరుచుకుంది. ఒక్కటి, ఒక్కటంటే ఒక్కటి నోరు తెరవలేదు.

సత్యవేణి చేతిలోకి తీసుకుని నవ్వింది. లాకు చక్రాలు తిప్పిన వేలు కదా, గుంట రెండింతలు పడింది. ఆ గుంట దగ్గరే కొరికింది. కళ్ళు మూసుకుని నమిలింది, మింగింది. వరహాలమ్మ గోడ మీద చేతులాన్చి నిలబడింది. పెరట్లోకి పరుగు ఎప్పుడు తీస్తుందా అని అందరం చూస్తున్నాం. సత్యవేణి లేవలేదు. పెదాలకంటిన జామ నాలుకతో తుడుచుకుని, "ఇంకోటుందా నాన్నా?" అని అడిగింది.

అమ్మయ్య! ఆ మాట వినగానే నాకు కొలిమిలోంచి అప్పుడే బయటపడ్డంత హాయిగా అనిపించింది. కనకారావు ఉందమ్మా ఉందమ్మా అంటూ ప్లేటు మొత్తం ఒళ్ళో పెట్టేశాడు.

ఆదివారం వియ్యపురాలు రానే వచ్చింది. కోడలి ముఖంలో తేట చూసింది, రెండు కజ్జికాయలు తింది, మూడోది చేతిలో పట్టుకుని, "అమ్మాయిని ఇక్కడే ఉంచండి అన్నయ్యగారూ. ఇవి మాత్రం ఓ డబ్బాలో పెట్టివ్వండి" అని వెళ్ళిపోయింది. పురుడూ ఆ ఇంట్లోనే వచ్చింది. ఆడపిల్ల. చెవులు శుభ్రంగా ఉన్నాయని వరహాలమ్మ స్వయంగా దీపం పెట్టి చూసి మరీ వీధంతా చాటింది. ఓవెన్ తిరిగి తీసుకోలేదు. ఉల్లిపాయలకి బుట్ట కొనుక్కుంది. ప్లాస్టిక్కుది ఏమైందంటారా, మనవరాలు కాస్త పెరిగాక దాన్ని కప్పని చేసి ఆడించి ఆడించి విరగ్గొట్టింది. నేనేమీ బాధపడలేదు.

ఇప్పుడు నా చోటు వంటింటి గోడకున్న మేకు. ఏటా జామ కాపుకి సత్యవేణి కూతుర్ని తీసుకుని వస్తుంది. మొన్న ఆ బుడత పీట ఎక్కి, నన్ను రెండు చేతులతో పట్టుకుని, "తాతయ్యా, నేను నొక్కుతా" అంది.

కనకారావు అప్పుడు పక్కకి తిరిగి పొయ్యి మీది పూర్ణం తిప్పుతున్నాడు. గరిటె పక్కన పెట్టాడు. కళ్ళద్దాలు పెట్టుకున్నాడు. పూర్తిగా ఇటు తిరిగి, పీట పక్కన గొంతుక్కూర్చుని, ఆ చిట్టి బొటనవేలు నా సందు మీద ఎక్కడ పడిందో చూశాడు. సందు సగం కూడా నిండలేదు. అది ఓవెన్లో నోరు తెరుస్తుందని ఆయనకీ తెలుసు, నాకూ తెలుసు.

బాగా చూసి, అప్పుడు "ఆ" అన్నాడు.