మంచు టైర్లు తెలిసిన డ్రైవరు

మా బాబాకు మంచు మీద మనసైంది. బాబా అంటే మా నాయన కాదప్పా, నా కఫీలు, అంటే వీసా ఇచ్చి పనిలో పెట్టుకున్న అరబ్బు సేటు. దుబాయ్ దాపున అల్ ఐన్‌లో వాళ్ల ఇంటికి నేను డ్రైవర్ని. డిసెంబరు నెల. చలికాలమంటారు గానీ స్వెట్టరేసుకుంటే చెమట పట్టే చలి. ఆయన ఫోన్‌లో సౌదీ తబూక్ కొండల మీద మంచు పడిన వీడియో చూపించి, "జిలానీ, జనవరి ఐదున పిల్లోళ్లను తీసుకోని ఈడికి పోవాల. మన పెద్ద బండికి టైర్లు అరిగిపోయినాయి గదా, మంచులో పట్టు ఉండేటివి యాడ దొరుకుతాయో చూడు" అన్నాడు. ఆయన మాట్లాడేది అరబ్బీ కలిపిన హిందీ. నేను మా రాయచోటి మాటలో చెప్తాండా.

నేను మనసులో తేదీలు లెక్కేసినా. జనవరి ఎనిమిదిన నా సెలవు, ఏడాదిన్నరకు ఒకసారి వచ్చేది. నేను విమానమెక్కినప్పుడు మా సల్మాకు మూడో నెల. కూతురు పుట్టింది, మా అవ్వ పేరు కుబ్రా అని పెట్టినారు, పదకొండు నెలలు నిండినాయి. ఇంతవరకు ఎత్తుకోలా. "మంచం పట్టుకోని నిలబడతాండాది రా, ఇయ్యాలో రేపో చెయ్యి ఇడుస్తాది" అని మా అమ్మ పీరాంబీ రోజూ ఫోన్‌లో చెప్తాంది. ఆ మొదటి అడుగు నా ముందర పడాల. నాకు ఇంగేం వద్దు.

తబూక్ పోయి రావాలంటే పది రోజులు. "బాబా, నాకు సెలవుండాది" అని ఒక్క మాట అంటే పోయేదానికి ఇంత కథేంది అంటారు మీరు. మా డ్రైవర్లు అట్ల అనరు. కఫీలు ముందర వద్దు అనే మాట నోట్లోంచి రాదు. నెపం బండి మీదికి తోస్తాం. ఇంజను వేడెక్కుతాంది, బ్రేకు అరుస్తాంది అంటాం. బండి నిలబడితే డ్రైవరూ నిలబడతాడు, మాట పడేది బండి. తొమ్మిదేండ్లుగా ఇదే తెలివితో బతుకుతాండా. టైర్లు దొరకలేదంటే ప్రయాణం ఖలాస్ అనుకున్నా.

దొరకవని ఒక మనిషితో చెప్పించుకుందామని దుబాయ్‌లో అల్ ఖూజ్‌కు పోయినా. అక్కడొక టైర్ల షాపులో నడీడు మనిషి, పేరు పర్శరాములు, జగిత్యాల దిక్కాయన, చక్రం ఊడదీస్తా ఉండాడు.

"మంచు టైర్లా? గీ దేశంల గవి ఎవడు వెడ్తడు భాయ్? లెవ్వు" అన్నాడు హిందీలో మొదలుపెట్టి, తనలో తాను తెలుగులో ముగించి.

ఆ మాటకు నా ప్రాణం లేచొచ్చింది. గమ్మున బండెక్కి వచ్చేస్తే అయిపోయేది. నేను సంతోషం పట్టలేక, "బో మంచి మాట చెప్పినావన్నా" అని తెలుగులో అన్నా. చేసిన తప్పంతా అదే.

"అరే, మనోడివా. మనోనికి లెవ్వని ఎట్ల జెప్త? ఆగు తమ్మీ."

"వద్దులేన్నా, నీకెందుకు శ్రమ."

"శ్రమేంది? నువ్వు ఉత్తచేతుల్తోని వోతె నీ కఫీలు ఊకుంటడా? నాకు ఎర్కలేదా గా బాధ" అని నా భుజం తట్టి, నాలుగు చోట్లకు ఫోన్ చేసినాడు. ఐదో ఫోన్‌కు అల్ వర్సాన్ గోదాములో కజకస్థాన్ పోవాల్సిన సరుకు ఉండాదని తెలిసింది. తన భోజనం మానుకోని, షాపు పికప్‌లో పోయి, మనోడి కోసం టైర్లు మోసుకొచ్చినాడు మహానుభావుడు.

నేను అంత సులభంగా వదుల్తానా? ముందురోజు వీడియోలు చూసి వంకలు నేర్చుకోనే వచ్చింటి. అసలు మంచు టైరుకు పక్కన కొండ బొమ్మలో మంచుపువ్వు గుర్తు ఉండాల, ఉండాదా అన్నా. ఉండాది. ఏ వారం తయారైందో అంకెలు చూపించు, పాత రబ్బరైతే వద్దు అన్నా. మూడు నెల్ల కిందటిది. సైజు అన్నా. మా బండికి కొలత తీసినట్టు సరిపోయింది.

"ఇంత ఎర్కున్న డ్రైవర్ని ఈడ నేను సూడలే తమ్మీ" అన్నాడు పర్శరాములు. ఆ మాటకు నాకు ఏడుపొచ్చింది.

ఇంగ మిగిలింది బాబాను భయపెట్టేది ఒకటే. టైర్లతో ఇంటికొచ్చి మొదలుపెట్టినా. ఏడు డిగ్రీల కింద మామూలు రబ్బరు గట్టిపడతాది బాబా. ఈ మంచు టైరుది మెత్తది, మన వేడి రోడ్ల మీద తొందరగా అరిగిపోతాది. కొండ దిగేటప్పుడు బ్రేకు గట్టిగా తొక్కితే బండి గిర్రున తిరుగుతాది. పిల్లోళ్లుండారు, ఎందుకొచ్చిన తంటా. నేను చెప్పేకొద్దీ బాబా కండ్లు పెద్దవైనాయి. భార్యను పిలిచి మళ్లీ చెప్పమన్నాడు. సాయంత్రం తమ్ముళ్లు వస్తే వాళ్లకూ చెప్పించినాడు. భయపడినారని నేను లోలోపల మురిసిపోయినా.

అందరూ పోయినాక బాబా నన్ను కూర్చోబెట్టి అన్నాడు: "జిలానీ, నీకు ఎనిమిదిన సెలవని నాకు గుర్తుండాది. నిన్ను టైర్లు మాత్రమే చూడమన్నా. బండి నడపడానికి మా తమ్ముడి డ్రైవరు ఆశిష్‌ను అడిగిపెట్టినా. కానీ నీ మాటలు విన్నాక నా పిల్లోళ్లను ఇంగొకరి చేతిలో ఎట్ల పెట్టేది? నీ టికెట్ ఇరవైకి మార్పించినా. నువ్వుంటేనే నాకు ధైర్యం."

నాలుక పీక్కోవాలనిపించింది. ఏమీ తెలీని ఎద్దు మాదిరి ఉండింటే ఎనిమిదిన విమానమెక్కేవాణ్ని. "సరే బాబా" అన్నా.

రెండు వేల కిలోమీటర్లు నడిపి తబూక్ చేరినాం. మేం పోయే రెండు దినాల ముందే ఎండకాసి మంచంతా కరిగిపోయింది. ఒక బండరాయి నీడలో దుప్పటంత మురికి మంచు మిగిలింటే, పిల్లోళ్లు వంతులేసుకోని దాని మీద నిలబడి ఫోటోలు దిగినారు. "టైర్లు ఒక్కసారి కూడా జారలా, మాషా అల్లా" అన్నాడు బాబా.

అప్పుడే సల్మా వీడియో కాల్ చేసింది. "చూడండి, చూడండి" అంటాంది. కుబ్రా మంచం మీంచి చెయ్యి ఇడిచేసింది. తెరలో నా మొగం చూసి నవ్వి, తూలుతా ఒకటి, రెండు, మూడు అడుగులు నా వైపుకు వేసి, ఫోన్‌ను అరచేత్తో పట్టేసుకుంది. తెరంతా చీకటి. మొదటి అడుగు నా ముందర పడాలని కోరుకున్నా గదా, ముందరే పడింది. ఆ చీకటి తెరను పట్టుకోని ఏడ్చినా.

"జిలానీ, టైర్లు జాగ్రత్తగా దాచిపెట్టు. వచ్చే జనవరిలో మంచు తప్పకుండా ఉంటాది" అన్నాడు బాబా వెనకనుంచి.

"బాబా, నా బిడ్డ..." అని గొంతుదాకా వచ్చింది. నోట్లోంచి వచ్చింది మాత్రం, "వచ్చే ఏడాదికి ఈ రబ్బరు గట్టిపడి పట్టు పోతాది బాబా" అని.

బాబా భార్య వైపు తిరిగి, "చూసినావా, ఇతనికి ఎంత తెలుసో" అన్నాడు.