పోకో అత్త కుట్లు

అకాయిటి హోటలు దుప్పటిని ఇస్త్రీ చేసి, అంచుకు అంచు కలిపి మడతపెట్టింది. మోచేతుల దాకా ఆవిరి కాల్చిన మచ్చలు, సబ్బునీళ్లకు పగిలిన వేళ్లు, బరువైన నడుము. రరోటోంగా దీవికి వచ్చే అతిథులెవరికీ ఆమె మొహం తెలియదు. మధ్యాహ్నం పని ముగించుకుని చర్చి వెనక హాలుకు నడిచింది. అక్కడ మాత్రం ఆమెకు పేరుంది. ఊళ్లో అంత సన్నగా కుట్టే మనిషి మరొకరు లేరు.

హాల్లో ఆడవాళ్లంతా చాపల మీద ఒకే దుప్పటి చుట్టూ కూర్చుని ఉన్నారు. తివైవై, అంటే గుడ్డ ఆకులూ పూలూ అతికి కుట్టే ఆ దుప్పటి, ఒక్కరి చేతి పని కాదు. కత్తిరించేది ఒకరు, రంగులు కుదిర్చేది ఒకరు, కుట్టేది అందరూ. ఈసారి సీమపనస ఆకులు. ఆకు గాలికి తిరగబడినట్టు, వెనకవైపు లేతరంగు కనబడేలా వేద్దామన్న ఊహ గుంపులో అందరికన్నా ముసలిదైన పోకో అత్తది. మొదట అందరూ నవ్వారు. తరవాత ఒకరు గుడ్డ తెచ్చారు, ఒకరు మడత మార్చారు, వారం తిరిగేసరికి దీవిలో ఎక్కడా లేని ఆకు పుట్టింది. ఆగస్టు పోటీలో గెలుపు తమదేనని గుంపు పెద్ద తాంగీ ధీమా.

చిక్కల్లా పోకో అత్త చేతి వణుకు. ఆమె కుట్లు తాగినవాడి నడకలా ఉంటాయి. మానెయ్యమని ఆ మనిషికి ఎవరు చెబుతారు? అందుకని ఆమె ఇంటికెళ్లాక అకాయిటి వాటిని విప్పి మళ్లీ కుట్టేది. తాంగీ అప్పగించిన పని. అందరికీ తెలుసు, పోకో అత్తకు తప్ప.

ఆ రోజు అత్త ఒక ఆకును కళ్లకు దగ్గరగా పెట్టుకుని మురిసిపోయింది.

“చూడవే అకాయిటీ, నిన్నటి నా కుట్టు! చెయ్యి కుదుటపడిందే. డాక్టరు మాత్రలు బాగానే పనిచేస్తున్నాయి.”

“అవునత్తా,” అంది అకాయిటి.

“ముసల్దాని పనైపోయిందన్నారు కదే మీరంతా! ఇక నీకు పోటీ నేనే, కాచుకో.”

అందరూ నవ్వారు. అకాయిటి తలెత్తలేదు. చెప్పేస్తే మనిషి కుంగిపోతుంది. చెప్పకపోతే ఇది దొంగతనమే. ఆమెది ఆమెకు తెలియకుండా తీసెయ్యడం దొంగతనం కాక మరేమిటి? రేపు చెబుదామనుకుంది. నిన్న కూడా అలాగే అనుకుంది.

కాస్త నడుం వాల్చి వస్తానని పోకో అత్త వెళ్లిపోయింది. ఆమె అప్పుడే కుట్టిన ఆకును అకాయిటి ఒళ్లోకి లాక్కుంది. ఇక మిగిలింది అదొక్కటే. వదిలేద్దామా అనిపించింది. తాంగీ ఇటే చూస్తోంది. విప్పింది, కుట్టింది. ముడి వేస్తుండగా అత్త పక్కింటాయన గుమ్మంలోకి వచ్చి, ఆమె నిద్రలోనే పోయిందని చెప్పాడు.

తాంగీ లేచి వచ్చి దుప్పటి అంచు పట్టుకుంది.

“దీన్నే కప్పుదాం,” అంది తాంగీ ఏడుస్తూ. ఆ దీవిలో మనిషిని మట్టికి పంపేది తివైవైలో చుట్టే. “పోటీ లేదు గీటీ లేదు. తను ఊహించుకుంది, తన చేత్తో కుట్టుకుంది...”

మాట మధ్యలోనే ఆగిపోయింది. ఆమె అకాయిటి వంక చూసి తల దించుకుంది.

అకాయిటి దుప్పటంతా పరిచి ఒక్కో ఆకూ తడిమింది. ఎక్కడైనా ఒక్క కుట్టు తన కన్నుగప్పి మిగిలిందేమోనని వెతికింది. తన పని తనకు తెలుసు, దేన్నీ వదల్లేదు.

“నీదంటూ ఒక్క పోగు కూడా ఉంచలేదత్తా,” అని భోరుమంది.

ఆఖరి ఆకు అంచున అకాయిటి సన్నని కుట్ల వరస తీరుగా ఉంది. దాని పక్కనే పోకో అత్త సూది చేసిన చిల్లులు, ఒకటి పైకీ ఒకటి కిందికీ, వంకరటింకరగా ఆకు కొస దాకా సాగాయి.