నెత్తురులో కూర్చున్నది

గది మూలకు వచ్చేసరికి సాలి తుడుపుకర్రను గోడకు ఆనించి మోకాళ్ళ మీద కూర్చుంది. కర్రకు కట్టిన గుడ్డ మూలల్లోకి పోదు. మూలలు ఎప్పుడూ ఆమె చేత్తోనే తుడుస్తుంది. ఏళ్ళ తరబడి ఫినాయిలు నీళ్ళలో నాని వేళ్ళ సందుల్లో చర్మం తెల్లబడి పగిలింది. భర్త పోయిననాడు తీసేసిన గాజుల జాడ భుజం కింద ఇంకా లేతరంగు కట్టులా కనిపిస్తుంది. యాభై దాటిన మనిషి. లేవాలంటే కిటికీ ఊచ ఆసరా కావాలి.

కోదాడ దాటి విజయవాడ వైపు పోతుంటే, లారీలు ఆగే చోట, పంక్చరు దుకాణం వెనక ఉండేది ఆ రెండు గదుల దవాఖాన. ఒక స్వచ్ఛంద సంస్థ వాళ్ళు నడిపేవాళ్ళు. అప్పటికింకా నాలుగు వరసల రోడ్డు పడలేదు. లారీ డ్రైవర్ల కోసమని పెట్టారు. తర్వాత డ్రైవర్ల భార్యలు రావడం మొదలైంది. ఆ తర్వాత చుట్టుపక్కల తండాల వాళ్ళు. నెత్తురు పరీక్ష చేసి, జనం పేరెత్తని ఆ జబ్బు ఉన్నదో లేదో చెప్పి, ఉన్నవాళ్ళకు ఇక ముందు ఎలా బతకాలో చెప్పడం అక్కడి పని. చెప్పే మనిషి ప్రశాంతి. జగ్గయ్యపేట నుంచి రోజూ బస్సులో వచ్చేది.

సాలి ఊడవడానికి చేరింది. చేరిన కొత్తలో ఒకరోజు తండా నుంచి వచ్చిన ఒక ముసలామెకు ప్రశాంతి చాలాసేపు ఓపికగా అన్నీ చెప్పింది. ఆమె ప్రతి మాటకూ తల ఊపింది. గుమ్మంలో చీపురు పట్టుకుని నిలబడ్డ సాలి ఉండబట్టలేక అన్నది.

"ఆమెకు సమజ్ కాలే మేడమ్. ఊపకుంటే మంచిగుండదని తల ఊపుతుంది."

ఆ రోజు నుంచి లంబాడీ మాట అవసరమైనప్పుడల్లా ప్రశాంతి సాలిని లోపలికి పిలిచి కుర్చీ వేసేది. "నేను ఏం చెప్తే అదే చెప్పండి సాలమ్మా. తగ్గించొద్దు, పెంచొద్దు. వాళ్ళు ఏమన్నా అదే నాకు చెప్పండి, తిట్టినా సరే" అని నేర్పింది. సాలికి అన్నిటికంటే వింతగా తోచింది ఆ 'చెప్పండి'. నాట్లకు పిలిచిన రైతులు గానీ, బస్సు కండక్టర్లు గానీ, సొంత కొడుకు వయసు పిల్లలు గానీ ఆమెనెవరూ 'మీరు' అని పిలిచి ఎరగరు. మొదటిసారి విన్నప్పుడు తన వెనక ఎవరో నిలబడ్డారేమోనని తిరిగి చూసింది.

కష్టమల్లా ఆ జబ్బు పేరుతో వచ్చింది. వాళ్ళ భాషలో దానికి మాట లేదు. తెలుగులో రోడ్డు మీద అనుకునే మాటలన్నీ తిట్లు. సాలి చాలా రోజులు ఆలోచించింది. నీళ్ళు మోస్తూ, రొట్టెలు చేస్తూ ఆలోచించింది. చివరికి ఒక మాట దొరికింది. నెత్తురులో కూర్చున్నది, లేవదు. కూర్చున్నదాన్ని లేపలేం, కానీ దాన్ని అక్కడే కూర్చోబెట్టి మన పని మనం చేసుకోవచ్చు. ఆ మాటలో ఎవరి తప్పూ లేదు, ఎవరి సిగ్గూ లేదు. ప్రశాంతి దాని అర్థం అడిగి తెలుసుకుంది. తర్వాత "ఇదే వాడండి సాలమ్మా" అన్నది.

ఇంకొక కట్టడి ఉంది. ఆ గదిలో విన్నది గడప దాటకూడదు. సాలి దాన్ని దాటలేదు. కానీ ఆమె దాటకపోయినా, ఆమెకు తెలుసన్న సంగతి దాటింది. తెలిసినవాళ్ళు అంగట్లో ఆమెను చూసి పక్కసందులోకి తిరిగేవాళ్ళు. ఆమెతో మాట్లాడితే వీళ్ళకూ ఉందేమోనని మిగతావాళ్ళు అనుకుంటారని, ఏ జబ్బూ లేనివాళ్ళు కూడా మాటలు తగ్గించారు. సొంత తమ్ముడు ధర్మా తన కూతురు హారిక పెళ్ళిలో అక్కను పందిరి బయట, వంటల దగ్గర కూర్చోబెట్టాడు. "ఏమనుకోకు బాయీ, వచ్చినోళ్ళు పరేషాన్ అయితరు" అన్నాడు. సాలి ఏమీ అనుకోలేదు. రొట్టెలు కాల్చింది.

ఒక్క జమ్లి మాత్రం మారలేదు. ఎదురిల్లు. ఇద్దరూ ఒకే ఏడు ఆ తండాకు కోడళ్ళుగా వచ్చారు. ఒకరి పిల్లలకు ఒకరు పాలిచ్చుకున్నారు. సాయంత్రం సాలి పని నుంచి వస్తే జమ్లి గడప మీద పక్కకు జరిగి చోటిచ్చేది.

జమ్లి కొడుకు దస్రు లారీ నడిపేవాడు. ఒక వానాకాలం పొద్దున అతను దవాఖాన వరండాలో కనిపించాడు. చెంపలు లోపలికి పోయాయి, చొక్కా భుజాల మీద వేలాడుతోంది. అతనికి తెలుగు బాగా వచ్చు, సాలి అవసరం లేదు. బయటికి వస్తూ ఆమెను చూసి, చేతిలో తుడుపుకర్ర ఉండగానే ఆమె రెండు చేతులూ పట్టుకున్నాడు. "అమ్మకు చెప్పకు" అన్నాడు. ఆ సాయంత్రం జమ్లి గడప మీద కూర్చుని, కొడుకు చిక్కిపోతున్నాడని, లారీ తిండి పడటం లేదని ఆమె చెప్తుంటే సాలి విన్నది. చలికాలంలో దస్రు పోయాడు. కామెర్లని అందరూ అనుకున్నారు. దినాలకు వచ్చిన లారీ క్లీనరు జమ్లితో అన్నాడట, ఆ దవాఖానలోనే చూపించుకున్నాడు గదా, సాలమ్మకు తెలియదా అని.

ఆ తర్వాత ఆ గడప మీద చోటు దొరకలేదు. ఎదురెదురు ఇళ్ళలో ఇద్దరు మనుషులు ఒకరినొకరు చూడకుండా బతకడం ఎంత కష్టమో ఆ వేసవి దాకా సాలికి తెలియదు.

మూల తుడవడం అయ్యాక సాలి ఊచ పట్టుకుని లేచింది. కిటికీలోంచి చూస్తే పంక్చరు దుకాణం పక్క నుంచి జమ్లి వస్తోంది. వెనక కోడలు సోని. దస్రు పోయేనాటికి సోనికి నెల తప్పింది, ఇప్పుడు ఏడో నెల. కర్ణాటక వైపు తండా పిల్ల. ఆమెకు వాళ్ళ భాష, కొంచెం కన్నడం తప్ప తెలుగు రాదు. కడుపు ముందుకు వచ్చి, ముఖం మాత్రం చిన్నపిల్ల ముఖంలా పాలిపోయి ఉంది. తండాకు వచ్చే నర్సమ్మ వారం కింద వాళ్ళను పంపితే పరీక్షకు నెత్తురు ఇచ్చి వెళ్ళారు. ఆ రోజు సాలి సెలవు. ఇవాళ ఫలితం చెప్పాలి.

ప్రశాంతి కుర్చీ వేసి, అలవాటుగా సాలిని పిలిచింది. జమ్లి లేచి నిలబడింది.

"ఆమె వద్దు. నాకు తెలుగొస్తది" అన్నది.

ప్రశాంతి ఇద్దరి ముఖాలూ చూసింది. సాలమ్మ ఏ మాటా బయట చెప్పదని, కోడలికి వాళ్ళ భాషలో వినడం మంచిదని నెమ్మదిగా చెప్పి చూసింది. జమ్లి కూర్చోలేదు. ఇక చేసేది లేక ప్రశాంతి సాలికి కళ్ళతోనే వెళ్ళమని చెప్పింది. సాలి వరండాలోకి వచ్చి బకెట్ పక్కన నిలబడింది. మధ్యన తెర ఒక్కటే.

ప్రశాంతి చెప్తోంది. ఆమె మాట మెత్తగా, కొంచెం వేగంగా, కృష్ణా వైపు యాసలో పోతుంది. కాయగూరలు అమ్ముకునే తెలుగు, కూలికి పోయే తెలుగు జమ్లికి వచ్చు. ఇది ఆ తెలుగు కాదు. అమ్మాయికి కూడా ఉందని, భయపడొద్దని, వచ్చే నెల ఒక మాత్ర ఇస్తామని, నొప్పులు మొదలవగానే అది వేసుకుని పెద్దాసుపత్రికి పోవాలని, పుట్టిన బిడ్డకు చుక్కల మందు వేస్తే బిడ్డకు రాకుండా చాలావరకు ఆపొచ్చని ప్రశాంతి చెప్పింది. "అర్థమైందా అమ్మా?" అని అడిగింది.

"సరే" అన్నది జమ్లి. "సరే సరే."

సాలికి ఆ సరే తెలుసు. తానూ ఎన్నోసార్లు అన్నది, ఆఫీసుల్లో, బ్యాంకుల్లో, పొలాల గట్ల మీద. ఏమీ తెలియని చోట మర్యాద కాపాడుకోవడానికి అనే సరే అది.

తర్వాత జమ్లి కోడలికి వాళ్ళ భాషలో చెప్పింది. నెత్తురు తక్కువుందట. మంచిగ తినాల్నట. వచ్చే నెల వస్తే ఒంటినొప్పులకు ఒక మాత్ర ఇస్తదట.

"నాకు ఒంటినొప్పులు లెవ్వు గదా" అన్నది సోని.

"లేకుంటే రాకు" అన్నది జమ్లి.

వాళ్ళు బయటికి వచ్చి సాలిని దాటుకుని మెట్లు దిగారు. జబ్బు సంగతి జమ్లికి అర్థమైందని, తెలిసి కూడా కోడలి దగ్గర దాచిందని సాలికి తెలిసింది. మాత్ర సంగతి మాత్రం నిజంగా అర్థం కాలేదు. లోపలికి పోయి ప్రశాంతికి చెప్పింది. అప్పటికే ఒక డ్రైవరు కుర్చీలో కూర్చుని తల బల్లకు ఆనించి ఏడుస్తున్నాడు. ప్రశాంతి చేయి అతని భుజం మీద ఉంది.

"ఆవిడ మీరు వద్దన్నారు సాలమ్మా. వద్దన్నాక మనం దాటకూడదు" అన్నది ప్రశాంతి గొంతు తగ్గించి. "వచ్చే వారం వేరే ఎవరినైనా పిలిపించి నేనే మళ్ళీ కబురు పెడతాను."

వచ్చే వారం వాళ్ళు రారని సాలికి తెలుసు. తడిచేతులు కొంగుకు తుడుచుకుంది. వరండా చివరి దాకా నడిచింది, ఆగింది, మళ్ళీ నడిచింది. రోడ్డు దాటేటప్పుడు తాను ఆ కడుపులో బిడ్డ కోసం పోతోందో, ఒక్కసారైనా నోరు విప్పి జమ్లి కంట పడాలని పోతోందో ఆమెకే తేలలేదు.

ఏడు సీట్ల ఆటో నిండుతోంది. లోపల రెండు మూడు తండాల ఆడవాళ్ళు మూటలతో కూర్చున్నారు. సోని ఎక్కబోతుంటే సాలి ఆమె మోచేయి పట్టుకుని పక్కకు తీసుకుంది. లారీల చప్పుడులో చెవి దగ్గరికి వంగి, వచ్చే నెల తప్పకుండా రావాలని, ఆ మాత్ర బిడ్డ కోసమని, ప్రసవం నొప్పులు రాగానే వేసుకోవాలని చెప్పింది. ఎందుకని సోని అడిగింది. ఎందుకో చెప్పకుండా రమ్మంటే ఎవరు వస్తారు? తన దగ్గర ఉన్న ఒకే ఒక్క మాట చెప్పింది.

సోనికి ఆ మాట కొత్త. కర్ణాటక పిల్ల. ఆ చప్పుడులో సరిగ్గా వినబడక, సాలిని అమ్మా అని పిలుస్తూ గట్టిగా అడిగింది.

"నెత్తురుల కూసున్నదా? ఏం కూసున్నది యాడీ?"

ఆటోలో మాటలు ఆగిపోయాయి. సాలి తల తిప్పి చూసింది. సిగ్గు లేకుండా చెప్పుకోవాలని తాను అంత ఆలోచించి కట్టిన మాట, గదిలోంచి తాను ఎన్నడూ బయటికి తేని మాట, విన్నవాళ్ళ నోటి మీదుగా ఎప్పుడో అన్ని తండాలకూ పాకింది. ఇప్పుడు ఆ జబ్బుకు అదే పేరు. లోపల ఒకామె తన మూటను ఒళ్ళోకి లాక్కుంది. ఇంకొకామె మోకాళ్ళు పక్కకు తిప్పుకుంది. ఏమీ తెలియని ఆటో డ్రైవరు యాదయ్య "ఎక్కుర్రి ఎక్కుర్రి" అని తొందరపెడుతున్నాడు.

జమ్లి సాలి చేతిని సోని మోచేతి మీద నుంచి తీసేసింది. విసురుగా కాదు, బట్టకు అంటిన గడ్డిపోచ తీసినట్టు.

"నా కొడుకప్పుడు లేని నోరు ఇప్పుడు ఎక్కడికెల్లి వచ్చింది నీకు?" అన్నది.

ఆటో కదిలింది. సోని అంచున కూర్చుని, ఇంకా ఆ ప్రశ్న ముఖంతోనే వెనక్కి చూస్తోంది. పక్కామెకూ ఆమెకూ మధ్య ఇంకొక మనిషి పట్టేంత ఖాళీ ఉంది.

తిరిగి వచ్చి సాలి రెండో గది తుడిచింది. మధ్యాహ్నం ప్రశాంతి అన్నం డబ్బా మూత తీస్తుంటే జరిగింది జరిగినట్టు చెప్పింది. ప్రశాంతి తినలేదు. కోప్పడనూ లేదు. డబ్బా మూత మళ్ళీ పెట్టేసి, "నేనైనా ఏం చేసేదాన్నో తెలీదు సాలమ్మా" అన్నది. తర్వాత, ఇక కొన్నాళ్ళు లోపలికి రావొద్దని, బయటి పని చూసుకోమని చెప్పింది. అప్పుడు కూడా 'చూసుకోండి' అనే అన్నది.

పొద్దు వాలుతుంటే సాలి తండాలో దిగింది. బోరింగు దగ్గర ఆడవాళ్ళు ఆమెను చూసి కొట్టడం ఆపారు. పిడి మీద, చుట్టూ నేల మీద ఎవరో పసుపునీళ్ళు చల్లారు. సాలి తన ఇంట్లోకి పోలేదు. ఎదురింటి ముందు నిలబడింది. జమ్లి గడప మీద కూర్చుని ఉంది.

"సోని ఏది?"

"పోయింది."

ఎండ తగ్గాక సోని బట్టలు పట్టుకుని బోరింగుకు పోయిందట. బట్టలు ఉతికేలోగా ఆటోలో విన్న మాట బోరింగు దాకా వచ్చింది, బిందె పెట్టబోతే పట్టనియ్యలేదట. ఎవరో బిందెను కర్రతో పక్కకు తోశారట. ఎందుకని సోని అడిగింది. అప్పుడు తెలిసింది, ఆ మాటకు అర్థం. ఇంటికి వచ్చి అత్తను ఒక్కటే అడిగింది, నీకు తెలుసా అని. జమ్లి తల ఊపింది. సోని సంచి సర్దుకుని సాయంత్రం బస్సుకు పోయింది. అన్న దగ్గరికట. అంత దూరం, ఒక్కతే. ఇదంతా జమ్లి నేల వైపు చూస్తూ, ఎవరికో చెప్పినట్టు చెప్పింది.

"నువ్వు ఆపలేదా?" అన్నది సాలి.

"ఏ మొఖంతోని ఆపాలె?"

సాలి ఇంకా ఏదో అనబోయింది. ఆ ఊరి పేరేంది, అన్న పేరేంది, నొప్పులొస్తే ఏ దవాఖానకు పోతది. జమ్లి మొదటిసారి తల ఎత్తి ఆమెను చూసింది. ఆ చూపులో కోపం కూడా మిగల్లేదు.

"అప్పుడు చెప్పకపోతివి. ఇయ్యాల చెప్తివి" అన్నది.

మోకాళ్ళ మీద చేతులు పెట్టి లేచి, లోపలికి పోయి తలుపు దగ్గరికి వేసుకుంది. గడియ పడిన చప్పుడు వినబడింది. దీపం పెట్టిన జాడ లేదు.

సాలి వాకిట్లో అలాగే నిలబడింది. కంపదడి మీద సోని జాకెట్టు ఒకటి ఆరేసి ఉంది. కడుపుతో ఉందని రెండు పక్కలా కుట్లు విప్పి వదులు చేసుకున్న జాకెట్టు. చేతుల అంచుల నుంచి నీళ్ళు ఇంకా చుక్క చుక్కగా కారుతూనే ఉన్నాయి.