టైరు కింద పొడి నేల

నేను ఒక నో పార్కింగ్ బోర్డుని. కుషాయిగూడలోని వెల్డింగ్ షాపులో పాత లారీ టైరు నిండా కాంక్రీటు పోసి, మధ్యలో ఇనుప గొట్టం నిలబెట్టి, పైన ఎర్ర అంచు రేకు బిగించారు. అదంతా కలిపి నేను. కొంచెం వంచితే చాలు, దొర్లుతూ ఎక్కడికైనా వెళ్తాను.

నన్ను పాత కిరోసిన్ డిపో సందులో వేశారు. అక్కడ నా ఉద్యోగమేమిటో నాకే అర్థమయ్యేది కాదు. రోజంతా సోడాబండి వెనక గోడవారన ఉండేదాన్ని. నన్ను చూసేది ఆ గోడ ఒక్కటే. రోడ్డు పక్క బళ్లు నిండగానే హోంగార్డు భూమయ్య నన్ను దొర్లించుకెళ్లి వాటి ముందు నిలబెట్టేవాడు. ఫోటో తీసేవారు. ట్రాలీ వచ్చి బళ్లను ఎత్తుకుపోయేది. నేను మళ్లీ గోడ దగ్గరికి. బళ్లు ఆపొద్దని చెప్పే బోర్డుని, ఆపాక తేవడమెందుకు? మనుషులు తెలివైనవాళ్లు కదా, ఏదో కారణం ఉండే ఉంటుందని రెండేళ్లు బుర్ర బద్దలు కొట్టుకున్నాను.

ఒక ముసురు ఉదయం, వాన తెరిపిచ్చాక, రజిత అనే అమ్మాయి వచ్చి రోడ్డు పక్కన స్కూటర్ ఆపింది. ఇంటింటికీ తిరిగి పరీక్షలకు రక్తం తీసుకెళ్లడం ఆమె పని. ఎదుటి మేడలోకి వెళ్లి చాలాసేపటికి వచ్చింది. స్కూటరుకు కట్టిన ఐసుపెట్టెలో చిన్న ట్యూబు పెడుతూ, బాల్కనీలో పసిపాపనెత్తుకున్న తల్లితో అంది.

"ఏడ్వకక్కా. పన్నెండు రోజుల పిల్లకు నరం అంత జల్దీ దొరకది. మూడుసార్లు గుచ్చినా వచ్చింది గద. గంట లోపల్నే ల్యాబుల ఇయ్యాలె, ఇస్తా. కామెర్లు ఎంతున్నయో సాయంత్రానికి తెలుస్తది. ఇగ గుచ్చుడు లేదు."

తర్వాత పక్క మేడలో ఇంకొకరి రక్తం తీయడానికి వెళ్లింది. పది నిమిషాల్లో నా ఉద్యోగం పూర్తయింది. ట్రాలీ మీద స్కూటరూ పోయింది, ఐసుపెట్టె కూడా పోయింది.

తిరిగొచ్చిన రజిత నన్ను చూసింది, నా పక్కనున్న భూమయ్యను చూసింది.

"అన్నా, నేనొచ్చినప్పుడు ఈ బోర్డు లేదు."

"ఉన్నది చెల్లె. నువ్వే చూసుకోలే. ఫోటో గూడ ఉన్నది."

ఆమె అరవలేదు. నా గొట్టం పట్టుకుని పక్కకు వంచింది. టైరు కింద నేలంతా తడి.

"వాన పడ్డప్పుడు ఇది ఈడ్నే ఉంటే, దీని కింద పొడిగుండాలె గద."

అటూ ఇటూ వెతికి సోడాబండి వెనక ఆగింది. గోడవారన సరిగ్గా నా టైరంత పొడి నేల, గుండ్రంగా. నాకు భలే సంతోషమేసింది. రెండేళ్లలో నా కింద ఏముందో చూసిన మనిషి ఆమె ఒక్కతే.

భూమయ్య ఆ పొడి నేల చూసి ఒప్పుకున్నాడు.

"నిజమే చెల్లె. మా ట్రాఫిక్ సారు పెట్టుమన్నప్పుడు పెడత. అంతే."

ట్రాలీ వాళ్లకు ఫోన్ చేశాడు. బళ్లన్నీ షెడ్డుకు చేరాయట. సారు వచ్చి సంతకం పెడితే గానీ పెట్టె కూడా ఇవ్వరట; ఆయన వచ్చేది పదకొండింటికి. అప్పటికి ఇంకా రెండు గంటలు.

"ఆ రక్తం అప్పటిదాంక ఆగదన్నా."

"మరెట్ల?"

"ఏమున్నది. మళ్ల గుచ్చాలె."

భుజాన ఉన్న సంచిలో సూదులు ఉన్నాయో లేదో చూసుకుని, మెల్లగా ఎదుటి మేడ మెట్లెక్కింది.

భూమయ్య నన్ను గోడ దగ్గరికి దొర్లించబోయి, చెయ్యి తీసేసి, రోడ్డంచున కూర్చున్నాడు. పైనుంచి పాప ఏడుపు వినిపించింది. నన్నెందుకు కదుపుతారో తెలుసుకోవాలన్న సరదా నాకు అక్కడితో తీరిపోయింది. సిగ్గేసింది. ఏడుపు కాసేపు ఆగింది.

మళ్లీ మొదలైంది. నరం ఇంకా దొరకలేదు.